గొడ్రాలు అన్న మాట మన తండాల్లో ఇంక వినపడకూడదు

 

"ఇంగా ఏమీ లేదా?"

ఈ ప్రశ్న మీ ఇంట్లో ఎన్నిసార్లు విన్నారు? పెళ్లయిన ఆరు నెలలకే మొదలవుతుంది. కుళాయి దగ్గర అడుగుతారు. ఉపాధి పనికాడ అడుగుతారు. ఆటోలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆమె కూడా అడుగుతుంది. ఎప్పుడూ ఆడమనిషినే అడుగుతారు. పక్కనే నిలబడ్డ మొగుడిని ఒక్కరూ అడగరు.

మూడేళ్లు దాటితే ప్రశ్న పోయి పేరు వస్తుంది. గొడ్రాలు. సీమంతానికి పిలవరు. పిలిచినా పసుపు కుంకుమ పెట్టేటప్పుడు వెనక్కి జరగమంటారు. పొద్దున్నే ఎదురొస్తే అపశకునం అంటారు. ఐదేళ్లు దాటితే "వాడికి ఇంకో పిల్లని చూడండప్పా" అని పెద్దమనుషులు కూర్చుంటారు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల మన సుగాలి తండాల్లో, ఎరుకల కాలనీల్లో పిల్లలు లేని జంటలు పెరుగుతున్నారని ఈ మధ్య అందరూ అంటున్నారు. ఎందుకు అని అడిగితే మాత్రం ఒకటే జవాబు. "ఈ కాలం ఆడపిల్లలు అంతే." ఈ జవాబు అబద్ధం. ఎందుకు అబద్ధమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివి నచ్చకపోతే తిట్టండి, పర్వాలేదు. కానీ చివరిదాకా చదవండి.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను.

మా పెదనాన్న కొడుకు భార్య, మా వదిన. పదిహేడేళ్లకే పెళ్లయింది. హిందూపురం దగ్గర ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో టైలర్. పొద్దున ఆరున్నరకి బస్సు ఎక్కితే రాత్రి ఏడున్నరకి దిగుతుంది. ఎనిమిదేళ్లు పిల్లలు కలగలేదు. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మందులు మింగింది. నాటుమందు తాగి వారం రోజులు వాంతులు చేసుకుంది. తడిబట్టలతో గుడి ముందు బోర్లా పడుకుని వరపడింది. మూడు ప్రైవేటు ఆస్పత్రులు తిరిగింది. స్కానింగులు, రక్త పరీక్షలు, గర్భనాళాల పరీక్ష అన్నీ ఆమెకే. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు లక్షా ఎనభై వేలు దాటింది. ఆమె పుట్టింటి కమ్మలు, నాలుగు మేకలు పోయాయి.

ఆ ఎనిమిదేళ్లలో మా అన్నకి ఒక్క పరీక్ష కూడా చేయించలేదు. ఒక డాక్టరు అడిగితే అన్న కోప్పడి లేచి వచ్చేశాడంట. "నాకేం తక్కువ?" అని.

తర్వాత నాయక్ ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. రెండో పెళ్లికి వదిన ఒప్పుకోవాలని. నేనూ అక్కడే ఉన్నాను. డిగ్రీ చదివినోణ్ణి, మీటింగుల్లో మైకు పట్టుకుని రాజ్యాంగం గురించి మాట్లాడేటోణ్ణి. ఆ రోజు నోరు తెరవలేదు. వదిన ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

వారం తర్వాత అన్నని బండి మీద ఎక్కించుకుని టౌన్లో ల్యాబ్‌కి తీసుకుపోయినోణ్ణి నేనే. రెండు గంటలు బతిమాలితే దిగాడు. పరీక్షకి అయింది కొన్ని వందల రూపాయలు. వచ్చిన రిపోర్టులో లోపం అన్న వైపే ఉంది. ఎనిమిదేళ్లు, లక్షా ఎనభై వేలు, ఒక ఆడమనిషి ఒంట్లో పోసిన ఇన్ని మందులు. తేలింది మాత్రం కొన్ని వందల పరీక్షలో.

రెండో పెళ్లి మాట ఆగిపోయింది. వదినకి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పంచాయితీ మళ్లీ కూర్చోలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకుంటే మీ తండాలో లెక్క వేసి చూడండి. పిల్లలు లేని జంటల్లో ఎంతమంది మగవాళ్లు పరీక్షకి పోయారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని అందులో ఉంది. ధనిక దేశాల్లోనూ పేద దేశాల్లోనూ పెద్ద తేడా లేదు. జంటకి పిల్లలు కలగనప్పుడు దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నారు. అంటే పరీక్ష ఇద్దరికీ ఒకేసారి మొదలవ్వాలి. మనం ఏం చేస్తున్నాం? ఆడమనిషిని ఎనిమిదేళ్లు కోసి, గుచ్చి, తిప్పి, చివర్లో మగవాణ్ణి బతిమాలుతున్నాం.

ఈ బాధని పుస్తకాలకెక్కించినవాళ్లూ ఉన్నారు. సయీద్ ఉనీసా అనే జనాభా శాస్త్రవేత్త ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రంగారెడ్డి జిల్లాలో పిల్లలు లేని స్త్రీలతో మాట్లాడి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొగుడి దెబ్బలు, అత్తింటి సూటిపోటి మాటలు, రెండో పెళ్లి భయం, వైద్యం కోసం అప్పులు, అన్నీ అందులో ఉన్నాయి. 2010లో ఆమె మరొక పరిశోధకురాలితో కలిసి జాతీయ సర్వేల లెక్కలు చూసి దేశంలో సంతానలేమి పెరుగుతోందని రాశారు. పెరుగుతోందని 2010 నుంచే తెలుసు. చేసింది ఏముంది?

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం. "ఆడపిల్లలు చదువుకుని, ఉద్యోగాలకి పోయి, లేటుగా పెళ్లి చేసుకుంటే ఇట్లనే అవుతుంది" అని టీవీల్లో చెప్తుంటారు. నగరంలో ముప్ఫై ఐదు దాటి పెళ్లి చేసుకునేవాళ్లకి వయసు ఒక కారణమే, కాదనను. మన పిల్లల సంగతి అది కాదు కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21, ఏం చెప్పిందో చూడండి. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో వందకి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఒళ్లు ఎదగకముందే పెళ్లి, ఒంట్లో రక్తం లేకుండా గర్భం. మొదటి కడుపు పోతుంది, లేదా పుట్టిన బిడ్డ దక్కదు. ఆ పోయిన కడుపుకి సరైన వైద్యం అందకపోతే లోపల ఇన్‌ఫెక్షన్ మిగులుతుంది. గర్భనాళాలు మూసుకుపోతాయి. ఇరవై రెండేళ్లకి ఆ పిల్ల పేరు గొడ్రాలు. ఆ పిల్ల చేసిన తప్పేంటి చెప్పండి?

క్షయ సంగతి మనలో చాలామందికి తెలియదు. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనుకుంటాం. ఆడవాళ్ల గర్భసంచికి, గర్భనాళాలకి కూడా టీబీ వస్తుంది. దగ్గు ఉండదు. కొందరికి నొప్పి కూడా ఉండదు. మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. తిండి సరిగ్గా లేనిచోట, ఒకే గదిలో ఆరుగురు పడుకునేచోట టీబీ ఎక్కువ. అది ఎవరి ఇళ్లో మీకు తెలుసు.

వలస ఇంకో కారణం. వాన పడక, బోరు ఎండి, మనోళ్లు బెంగళూరు పోతారు, కేరళ పోతారు. మొగుడు కట్టడం పనికి పోతే పెళ్లాం ముసలోళ్లని, మేకల్ని చూసుకుంటూ తండాలోనే ఉంటుంది. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి కలుసుకునే మొగుడూ పెళ్లాలకి "ఇంగా ఏమీ లేదా" అన్న ప్రశ్న ఒకటి! ఊర్లోనే ఉన్నవాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. ఆమెది పగటి షిఫ్టు, అతనిది నైట్ షిఫ్టు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, హిందూపురం చుట్టూ గార్మెంట్స్ వచ్చాయి, ధర్మవరంలో మగ్గాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పని దొరికింది, సంతోషమే. ఆస్పత్రికి పోవడానికి ఒక రోజు సెలవు అడిగితే జీతం కోసే పని అయితే ఆ వైద్యం ఎట్ల సాగుతుంది? ఈ వైద్యానికి నెలలో ఫలానా రోజే రావాలంటారు. సూపర్‌వైజర్ ఆ రోజే కుదరదంటాడు.

మగపిల్లలకి కూడా చెప్పాలి. మందు, గుట్కా, బీడీ వీర్యకణాల్ని దెబ్బతీస్తాయి. ఇటుక బట్టీల్లాంటి చోట్ల గంటల తరబడి వేడిలో పని చేస్తే కూడా నష్టం. ఈ మధ్య జిమ్ముల్లో కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేసుకుంటున్నారు. అవి వీర్యకణాల ఉత్పత్తినే ఆపేస్తాయి. కండ పెంచుకున్నోడు మగాడు, ఖాళీ ఒడితో ఉన్నది గొడ్రాలు. ఇదెక్కడి న్యాయం తమ్ముడూ?

మన లోపం ఇంకొకటి ఉంది. దాచుకోవద్దు. మన సుగాలీల్లో ఒకప్పుడు పిల్లకి ఓలి ఇచ్చి పెళ్లి చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఓలి పోయి కట్నం వచ్చింది. ఆడపిల్ల భారం అయ్యింది కాబట్టి పదిహేడుకే పంపించేస్తున్నాం. పిల్లలు కలగకపోతే అదే సాకుగా ఇంకా డబ్బు తెమ్మంటున్నాం. ఇది బయటోళ్లు వచ్చి మన మీద రుద్దింది అని చెప్పి తప్పించుకోలేం. తీసుకుంటున్నది మన చేతులే.

ఇంక ప్రభుత్వం సంగతి.

మనకి తెలిసిన ప్రభుత్వ వైద్యం ఏది? కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో వందకి దాదాపు 70 మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. దేశంలోనే ఎక్కువ. ఇరవైల మొదట్లోనే చేయించేస్తారు. మగవాళ్లకి చేసింది వందకి ఒకటి కూడా లేదు. గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ల లెక్కలోనూ మన రాష్ట్రమే ముందు. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో వందకి దాదాపు 9 మంది. దేశం మొత్తం మీద ఇది మూడు చిల్లర. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లని ఆపమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. ఇరవై మూడేళ్లకి ఆపరేషన్ చేయించుకున్న తల్లికి ఉన్న ఒక్క బిడ్డ జ్వరంతో చనిపోతే? ఆమె కూడా పిల్లలు లేని ఆడదే. ఆమెని ఏ లెక్కలో రాస్తారు?

ముప్ఫై ఏళ్లు "ఇద్దరు చాలు" అన్నారు. ఇద్దరి కంటే ఎక్కువ ఉంటే సర్పంచ్‌గా పోటీ చేయకూడదని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టారు. 2024 నవంబర్‌లో శాసనసభలో దాన్ని తీసేశారు. అంతకుముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 1.7 మందే పుడుతున్నారు, రేపు ముసలోళ్లే మిగులుతారు అని ఆందోళన. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ గారు మూడో బిడ్డ ఆడపిల్ల అయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు.

అయ్యా, మూడో బిడ్డకి ఆవు ఇస్తారు సరే. మొదటి బిడ్డ కోసం ఉన్న మేకలు అమ్ముకున్నవాళ్లకి ఏమిస్తారు?

ఒకసారి ఐవీఎఫ్ చేయించాలంటే ప్రైవేటులో లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. ఒక్కసారికే అవుతుందని గ్యారంటీ లేదు. ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో సంతానలేమి వైద్యాన్ని మినహాయింపుల్లో పెట్టారు. గోవాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఉచిత ఐవీఎఫ్ 2023లో మొదలుపెట్టారు. పక్క రాష్ట్రం తెలంగాణ అదే ఏడాది గాంధీ ఆస్పత్రిలో పెట్టింది. అంటే చేయాలనుకుంటే ప్రభుత్వ ఆస్పత్రిలో చేయొచ్చు.

మన దగ్గర? ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ గారే రాష్ట్ర వైద్యారోగ్య మంత్రి. పెనుకొండ ఎమ్మెల్యే సవిత గారు కూడా మంత్రే, చేనేత జౌళి శాఖ ఆమెదే. ఇద్దరు మంత్రులున్న ప్రాంతం ఇది. పెనుకొండకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మంజూరైంది. దాన్ని 2025లో పీపీపీ జాబితాలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యం లిస్టులో కలిపేశారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే ప్రసూతి విభాగం, స్పెషలిస్టు డాక్టర్లు, ల్యాబు. వదిన లాంటి వాళ్లు అప్పు లేకుండా పోగలిగే చోటు అదే. అదీ ప్రైవేటు చేతికి పోతే మనం ఎవరి గుమ్మం తొక్కాలి?

పైగా మనకి ఐటీడీఏ అండ లేదు. ఐదో షెడ్యూల్ ప్రాంతాలన్నీ ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీల్లో ఉన్నాయి. మైదానంలో ఉన్న ఎస్టీలం కాబట్టి మనం ఎవరికీ కనపడం.

ప్రభుత్వం లేనిచోట దళారీ ఉంటాడు. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ కేసు బయటపడింది గుర్తుందా? సరోగసీ అని చెప్పి ఒక జంట దగ్గర లక్షలు తీసుకుని, పేదవాళ్ల దగ్గర కొన్న పసికందుని చేతిలో పెట్టారని పోలీసులు కేసు పెట్టారు. మన జాతికి ఇది కొత్త గాయం కాదు. 1999లో, మళ్లీ 2001లో తెలంగాణ లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొని దత్తత పేరుతో అమ్మిన వ్యవహారాలు దేశమంతా చూసింది. మన ఒడిలో బిడ్డ ఉంటే బేరం పెడతారు, లేకపోతే వైద్యం పేరుతో దోచుకుంటారు. రెండు చోట్లా నష్టపోయింది మన ఆడవాళ్లే.

ఇప్పుడు చట్టం. ఇది ప్రతి అక్కా, ప్రతి చెల్లీ చదవాలి.

హిందూ వివాహ చట్టం, 1955, సెక్షన్ 2(2) ప్రకారం ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. అందుకే మన మగవాడు రెండో పెళ్లి చేసుకుంటే మొదటి భార్య కేసు నిలబెట్టడం కష్టం. తమ తెగ ఆచారంలో రెండో పెళ్లి చెల్లదని ఆమే నిరూపించుకోవాలని 2001లో సుప్రీంకోర్టు ఒక ఆదివాసీ మహిళ కేసులో చెప్పింది. మన ఆచారాన్ని కాపాడటానికి ఇచ్చిన మినహాయింపుని మన ఆడవాళ్ల మీదే కత్తిగా వాడుతున్నారు.

అయితే వదినలకి దారి లేకపోలేదు. గృహహింస నిరోధక చట్టం, 2005, మనకి కూడా వర్తిస్తుంది. అందులో సెక్షన్ 3 చదవండి. పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని ఆడమనిషిని అవమానించడం, ఎగతాళి చేయడం గృహహింస అని స్పష్టంగా రాసి ఉంది. ఇంట్లో వాళ్లు గొడ్రాలు అని తిడితే అది గృహహింస కిందికే వస్తుంది. ఇంట్లోంచి గెంటేస్తే అదే చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. కొత్త నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144 కింద మనోవర్తి అడగొచ్చు. దత్తత తీసుకోవాలంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, మన తెగలకి అడ్డు లేదు. ఏ దళారీ అక్కర్లేదు.

ఇంకొక మాట. అసలు పిల్లలే వద్దనుకునే ఆడమనిషి కూడా ఉంటుంది. ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. తెగ సంఖ్య పెంచడానికి ఆడవాళ్ల కడుపులు మన సంఘం ఆస్తి కాదు. ప్రభుత్వం ఆస్తి అంతకన్నా కాదు. కావాలనుకున్నామెకి వైద్యం, వద్దనుకున్నామెకి గౌరవం. ఉద్యమంగా మన మాట ఇదే ఉండాలి.

అడగాల్సినవి ఇవి.

ఒకటి. హిందూపురం జిల్లా ఆస్పత్రిలో, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆస్పత్రుల్లో వారానికి ఒక రోజు సంతానలేమి ఓపీ పెట్టాలి. వీర్య పరీక్ష, నాళాల పరీక్ష, గర్భసంచి టీబీ పరీక్ష ఉచితంగా చేయాలి. భార్యాభర్తలిద్దరినీ పిలిచి చూడాలి.

రెండు. ఈ వైద్యాన్ని రాష్ట్ర ఉచిత వైద్య పథకంలో పూర్తిగా చేర్చాలి. పెనుకొండ మెడికల్ కాలేజీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలి.

మూడు. ఏఎన్ఎం దగ్గర దంపతుల రిజిస్టర్ ఉంటుంది. ఏ జంటకి ఎంతమంది పిల్లలో అందులో రాస్తారు. సున్నా అని రాసిన జంటల్ని వదిలేయకుండా ఆస్పత్రికి పంపే బాధ్యత పెట్టాలి. 2027 జనాభా లెక్కల తర్వాత పిల్లలు లేని స్త్రీల వివరాలు తెగల వారీగా బయటపెట్టాలి.

నాలుగు. ఫ్యాక్టరీల్లో ఈ వైద్యానికి జీతంతో సెలవు ఇవ్వాలి.

ఐదోది ప్రభుత్వానికి కాదు, మనకి. పద్దెనిమిది నిండని పిల్ల పెళ్లికి మనం పోకూడదు, పోయి డప్పు కొట్టకూడదు. పంచాయితీలో రెండో పెళ్లి మాట వస్తే "మొగుడి రిపోర్టు ఏదీ?" అని అడగాలి. నాయక్ అయినా, కారోబారి అయినా, సొంత పెదనాన్న అయినా అడగాలి. నేను ఆ రోజు అడగలేకపోయాను. మీరు అడగండి.

మా వదినకి ఇప్పటికీ పిల్లలు లేరు. పొద్దున ఆరున్నర బస్సుకి పోతానే ఉంది. అప్పు ఇంకా తీరలేదు. పోయిన తీజ్ పండగకి మా తండా ఆడపిల్లల గోధుమ మొలకల బుట్టలకి నీళ్లు పోయడానికి పెద్దలు ఆమెని రావద్దన్నారు. ఈసారి మా తండా యువకులం ముందే పోయి పెద్దలతో మాట్లాడాం. వదిన వస్తుంది. ఆమె రాకపోతే మేము కూడా రాము అని చెప్పాం.

మీ తండాలో కూడా ఒక వదిన ఉంటుంది. ఈసారి ఎవరైనా ఆమెని "ఇంగా ఏమీ లేదా" అని అడిగితే, జవాబు మీరు చెప్పండి.